ఎడమ భుజం లేసు

నవంబరు 3, సోమవారం

తెల్లవారుజాము నుంచి ముసురు. పాలకేంద్రానికి పాలు ఇరవై నిమిషాలు ఆలస్యంగా వచ్చాయి. మొత్తం నాలుగు వందల పది లీటర్లు. ఇద్దరి పాలల్లో నీళ్లున్నాయి. ఇద్దరూ తప్పు వాన మీద పెట్టారు. "వాన పడితే క్యాను మీద మూత పెట్టవా?" అని సూపర్‌వైజరు గారు అడిగితే, "క్యానులో పడలేదండీ, గేదె మీద పడింది" అన్నాడు బక్కాయన. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. లాక్టోమీటరు మాత్రం ఇరవై మూడు దగ్గరే నిలబడింది, ఇరవై ఆరన్నా దాటాలి. ఆ క్యాను వెనక్కి పంపించాను.

ఉంగరాల సంగతి మళ్లీ ఎత్తారు సూపర్‌వైజరు గారు. పరీక్ష బల్ల దగ్గర ఉంగరాలు ఉండకూడదు. నిజమే, ఉండకూడదు. నాలుగూ తీసి జేబులో వేసుకున్నాను. తర్వాత కాటుక. "అంత కాటుక చూసి పాలు పోసేవాళ్లు నీకు ఒంట్లో బాగాలేదనుకుంటున్నారమ్మా" అన్నారు. నల్ల బట్టల గురించి ఏమీ అనలేదు. పైన తెల్ల కోటు ఉంటుంది కాబట్టి మెడ దగ్గర తప్ప కనిపించవు.

సాయంత్రం నా స్నేహితురాలు పొడుగు ఫోను చేసింది. వాళ్లమ్మను, అదే పెద్దమ్మను, ఆసుపత్రి నుంచి ఇంటికి పంపేశారు.

"తగ్గిందా?" అన్నాను.

"తగ్గితే పంపుతారు. తగ్గదని తెలిసినా పంపుతారు" అంది.

నవంబరు 4, మంగళవారం

ముసురు. మూడు వందల తొంభై రెండు లీటర్లు. రాయడానికి ఏమీ లేదు.

నవంబరు 6, గురువారం

వదిన నా గది ఊడ్చింది. వద్దన్నా ఊడ్చింది. నల్ల దుప్పటి, నల్ల తెర, గోడ మీద గబ్బిలం బొమ్మ చూసి, "ఈ గదిలోకి వస్తే మధ్యాహ్నం కూడా కరెంటు పోయినట్టుంటుంది" అంది. అన్నయ్య పేపరు చదువుతూ, "దానికి పదిహేనేళ్లప్పుడు మొదలైంది, ముప్పై రెండొచ్చినా దిగలేదు. జ్వరమైతే ఈపాటికి దిగేది" అన్నాడు.

పెద్దమ్మను చూడ్డానికి వెళ్లాలి. ఆదివారం ఎలాగూ వెళ్తాను కదా అని ఆగాను.

నవంబరు 9, ఆదివారం

వాన ఆగింది. మూడింటికి వెళ్లాను.

కుట్టు దుకాణం ముందు గదిలోనే మంచం వేయించుకుంది పెద్దమ్మ. వెనక గదిలో పడుకోమని పొడుగు ఎంత చెప్పినా వినలేదట. మిషను కనిపించకపోతే నిద్ర పట్టదట. మనిషి సగమైంది. నోరు మాత్రం అలాగే ఉంది. నన్ను చూడగానే, "వచ్చావా కాకీ? నేనింకా పోలేదే, అప్పుడే వాలావేం?" అంది.

పొడుగు వాళ్లమ్మ నాకు పెద్దమ్మ ఎప్పుడయిందో గుర్తులేదు. నాకు కాకి అని పేరు పెట్టింది మాత్రం ఆమే. ఊరు తర్వాత అందుకుంది.

పొడుగు వెనక గదిలో పాటలు పెట్టింది. పెద్దమ్మకు వినబడాలని తలుపు తీసి ఉంచాం. ఆ పాడేవాడి గొంతు నూతిలోంచి వచ్చినట్టుంటుంది. పెద్దమ్మ కాసేపు విని, "వీడికి పన్నునొప్పి ఇంకా తగ్గలేదా? పదకొండేళ్లయింది, పీకించుకోమనవే" అంది. పొడుగు నవ్వింది. ఈ వారంలో అది నవ్వడం అదే మొదటిసారి అయి ఉంటుంది.

మామూలు ఆదివారంలాగే గడిపాం. పొడుగు నా గోళ్లకు నల్లరంగు వేసింది, నేను దానికి వేశాను. వేలు చిరిగిన చేతి తొడుగు ఒకటి కుట్టుకున్నాం. ఫోనులో మాలాగే నల్లబట్టలూ దిగులు పాటలూ ఇష్టపడే గోత్‌ల గుంపు ఒకటి ఉంది. అందులో ఎవరో అడిగారు: మీ ఊళ్లో క్లబ్బు లేదు, పాడేవాళ్లు లేరు, నల్లబట్టలు వేసుకున్నంత మాత్రాన గోత్‌లు అయిపోతారా అని. పొడుగు జవాబు టైపు చేస్తూ పైకి చదివింది. "మాకు ఆదివారం ఉంది." అంతే పంపింది.

క్లబ్బుకు మేము వెళ్లకపోలేదు. శిక్షణకు నగరంలో ఉన్నప్పుడు ఒక్కసారి వెళ్లాం. గుమ్మం దగ్గరి మనిషి మా చెప్పులు చూసి నవ్వాడు. లోపల ఒకరితో ఒకరు మాట్లాడాలంటే అరవాలి. అరగంటకు బయటికొచ్చి మెట్ల మీద కూర్చున్నాం. గోడ అవతలి నుంచి పాట బాగానే వినిపించింది. "మనకు కావలసింది పాట, నువ్వు, నేను. మధ్యలో ఈ గోడెందుకే?" అంది పొడుగు. ఊరికి తిరిగొచ్చిన వారమే ఈ వెనక గది మొదలైంది.

నాలుగింటికి పెద్దమ్మ ఇద్దర్నీ పిలిచి బట్టలు వేసుకోమంది. మఖమలు కోటు నాది, గౌను పొడుగుది. ఆరు నెలలు కుట్టింది. నా కోటుకు ఇరవై రెండు బొత్తాలు, ఒక్కొక్క దానికీ చేత్తో గుడ్డ తొడిగింది. ఊరు ఆమె దగ్గరికి తెచ్చేవి బడి యూనిఫారాలు, చిరిగిన జేబులు, పొట్టి చెయ్యాల్సిన ప్యాంట్లు. ఇలాంటివి కుట్టగలదని మా ఇద్దరికి తప్ప ఎవరికీ తెలియదు.

లేసు ఎవరిదో కిటికీ తెర. అంచు కుట్టమని ఇచ్చినవాళ్లు పన్నెండేళ్లయినా మళ్లీ రాలేదు. దానికి నల్లరంగు వేసింది. బాగున్నంత మేర కత్తిరిస్తే మీటరుంబావు వచ్చింది. నాలుగు భుజాలకు చాలదు. అందుకని నా కోటుకు ఎడమ భుజం మీద, పొడుగు గౌనుకు కుడి భుజం మీద వేసింది. పక్కపక్కన నిలబడితే లేసులోని తీగ నా మెడ దగ్గర మొదలై దాని మెడ దాకా పాకుతుంది. విడివిడిగా చూస్తే మధ్యలో తెగినట్టుంటుంది.

"దగ్గరగా నిలబడండే. ఇంకా. పోట్లాడుకున్న తోడికోడళ్లలా ఏంటా దూరం?"

నిలబడ్డాం. పెద్దమ్మ కళ్లజోడు పెట్టుకుని చాలాసేపు చూసింది.

"నేను పోయిన రోజు ఇవే వేసుకుని రావాలి. ఇద్దరూ. ఇలాగే, పక్కపక్కన."

"అమ్మా" అంది పొడుగు.

"ఏడవకే, కాటుక కారి బట్ట మీద పడుతుంది. చెప్పేది విను. నలభై ఏళ్లు ఈ ఊరి జేబులు కుట్టాను. ఊరంతా నాకోసం ఒక చోటికి వచ్చేది ఆ ఒక్క రోజే. నా చేతిపని ఏంటో అప్పుడన్నా చూస్తారు. ఏమే కాకీ, వస్తావా?"

"వస్తాను పెద్దమ్మా."

"కాటుకతో?"

"కాటుకతో."

"ఉంగరాలు?"

"నాలుగూ."

"మాట తప్పావంటే దెయ్యమై వచ్చి నీ పాలన్నీ విరగ్గొడతాను" అంది.

కోటు ఇంటికి తెచ్చుకున్నాను. తలుపు వెనక కొక్కేనికి తగిలించాను.

నవంబరు 12, బుధవారం

పొద్దున చలి. నాలుగు వందల ముప్పై లీటర్లు.

పరీక్ష విభాగం చూసే పెద్దాయన ఈ నెలాఖరుకు దిగిపోతున్నారు. ఆయన చోటికి ఎవరన్నది పాలు పోసేవాళ్ల కమిటీ తేలుస్తుంది. ఏడుగురు. అందరూ రోజూ నా బల్ల ముందు నిలబడేవాళ్లే. తొమ్మిదేళ్లుగా ఆ పని సగం నేనే చేస్తున్నాను.

సూపర్‌వైజరు గారు గోడ వారకు పిలిచి చెప్పారు. "నీ పనికి వంక పెట్టేవాడు లేడమ్మా. నువ్వు పట్టుకున్న నీళ్లు ఇంకెవరూ పట్టుకోలేరు. కానీ వాళ్లు పల్లెటూరి మనుషులు. ఆ వేషం చూసి జంకుతారు. నెలాఖరు దాకా అయినా కాస్త మనిషిలా కనబడు."

సరేనన్నాను. పాలకేంద్రంలో ఎలాగూ తెల్లకోటే.

నవంబరు 16, ఆదివారం

పెద్దమ్మ మూడింటికే నిద్రపోయింది. పక్కింటావిడను కూర్చోబెట్టి మేమిద్దరం సమాధుల వైపు నడిచాం. ఇటుకబట్టీ వెనక, పాత సమాధుల తోట. మాకు అక్కడ ఒక పని ఉంది. ఎవరూ రాని సమాధుల మీద గడ్డి పీకి, రాయి కడిగి వస్తాం. ఎవరూ చెయ్యమనలేదు. ఊళ్లోవాళ్లు చేతబడి అనుకున్నారు కొన్నాళ్లు. ఒకసారి బక్కాయన వచ్చి చూసి, "కలుపు తీస్తున్నారా? మా చేను కూడా ఇక్కడికి దగ్గరే" అన్నాడు. అప్పటి నుంచి ఎవరూ ఏమీ అనుకోలేదు.

మూడు రాళ్లు కడిగాం. పొడుగు నాలుగో దాని మీద కూర్చుంది.

"అక్క రమ్మంటోంది. నగరానికి" అంది. పొడుగు వాళ్లక్క అక్కడ బట్టల కర్మాగారంలో పని చేస్తుంది.

"వెళ్తావా?"

"నువ్విక్కడ ఉండగా ఎందుకెళ్తానే? అక్కడ మనలాంటివాళ్లు వందమంది ఉంటారట. వందమందిని ఏం చేసుకోను? అమ్మ తర్వాత నాకు నువ్వు చాలు."

నేను వంగి గడ్డి పీకుతున్నాను. నాకూ నువ్వు చాలని అనాల్సింది.

నవంబరు 19, బుధవారం

పెద్దమ్మ రెండు చెంచాల పాలు తాగింది. నేను తీసుకెళ్లినవే. "నీళ్లు కలిపారే" అంది.

కలపలేదు.

నవంబరు 21, శుక్రవారం

మధ్యాహ్నం రెండూ పదికి పెద్దమ్మ పోయింది. ఆ సమయానికి నేను క్యాన్లు కడిగిస్తున్నాను. ఫోను బీరువాలో ఉంది. ఐదుసార్లు చేసింది పొడుగు.

వెళ్లాను. ఎనిమిదింటి దాకా ఉన్నాను. పొడుగు ఏడవలేదు. అక్క ఏడ్చింది. నేను బయల్దేరుతుంటే పొడుగు గుమ్మం దాకా వచ్చి, "కోటుకు ఇస్త్రీ చేస్తే వెనక వైపు నుంచి చెయ్యి. మఖమలు కదా, ముందు నుంచి చేస్తే మెరిసిపోతుంది" అంది.

చేశాను. వెనక వైపు నుంచే.

నవంబరు 22, శనివారం

ఎండ. మూడు వందల ఎనభై ఐదు లీటర్లు. పాలు దించుకుని సెలవు తీసుకున్నాను.

అంత్యక్రియలు పదకొండింటికి. వెళ్లాను. ఊరంతా వచ్చింది. వదిన ఇచ్చిన లేత పసుపు డ్రెస్సు వేసుకుని వెళ్లాను. గౌరవంగానే వెళ్లాను.

పొడుగు నన్ను చూసింది.

నవంబరు 23, ఆదివారం

మూడింటికి వెళ్లలేదు. ఇంట్లో బంధువులుంటారు కదా.

ఒకటి రాసి పెట్టుకోవాలి. నల్లబట్ట నాకు రోజువారీ. పాలకేంద్రానికి అదే, బజారుకు అదే, నిద్రకు అదే. రోజూ వేసుకునేదే వేసుకుని వెళ్తే పెద్దమ్మ కోసం ప్రత్యేకంగా ఏం చేసినట్టు? అందరూ మామూలుగా వేసుకోనిది ఆ రోజు వేసుకుంటారు. నేను మామూలుగా వేసుకోనిది లేత పసుపు. అలా ఆలోచించాను. అలా ఆలోచించే వేసుకున్నాను.

జరిగింది కూడా రాస్తాను.

పొద్దున కోటు వేసుకున్నాను. ఇరవై రెండు బొత్తాలూ పెట్టుకున్నాను. ఉంగరాలు పెట్టుకున్నాను. ఒక కంటికి కాటుక పెట్టుకున్నాను. అప్పుడు వదిన గుమ్మంలో నిలబడింది.

"చావింటికి ఆ వేషమా?"

"పెద్దమ్మే అడిగింది వదినా."

"ఆవిడ సరదాకి అని ఉంటుంది. పోయేవాళ్లు ఎన్నో అంటారు. అక్కడికి వచ్చేవాళ్లకు అది తెలుస్తుందా? పోయినావిడను ఎగతాళి చేయడానికి వచ్చావనుకుంటారు. మీ సూపర్‌వైజరు వస్తాడు. కమిటీ వాళ్లంతా వస్తారు. ఇంకో ఎనిమిది రోజులు ఓపిక పట్టలేవా?"

అన్నయ్య చొక్కా తొడుక్కుంటూ, "దాని ఇష్టం, వదిలెయ్" అన్నాడు. వదిన వదిలేసింది. బలవంతం చేయలేదు. తప్పు ఆమె మీద పెట్టకూడదు. డ్రెస్సు తెచ్చి మంచం మీద పెట్టి వెళ్లిపోయింది, అంతే.

రెండో కంటికి కాటుక పెట్టుకోలేదు. మొదటిది తుడిచేశాను.

సమాధి దగ్గర పొడుగు గౌనులో నిలబడింది. నిండా కాటుక. వాళ్లక్క ఎడమ పక్కన ఉంది. కుడి పక్కన ఒక మనిషి పట్టేంత జాగా వదిలి నిలబడింది. నేను వెనక వరసలో వదిన పక్కన ఉన్నాను. కాసేపటికి ఎవరో ముందుకు జరిగి ఆ జాగాలో నిలబడ్డారు.

నల్లబట్ట నాకు రోజువారీ. అందుకే.

నవంబరు 25, మంగళవారం

నాలుగు వందల ఇరవై లీటర్లు.

వరసలో నిలబడ్డ ఆడవాళ్లు ఆ గౌను గురించే మాట్లాడుకున్నారు. "ఎంత బాగా కుట్టిందో చూశావా, ఆ కుచ్చులు! మన ఊళ్లో కుట్టిన బట్టలా లేదు" అంది ఒకామె. నా చేతిలో గాజు గొట్టం ఉంది. ఆగి విన్నాను.

"బాగుంది కానీ ఒక్క భుజానికే లేసు వేసింది. రెండోదానికి వెయ్యనే లేదు. ఆ వేసిందీ సగంలో తెగిపోయి ఉంది."

"ఓపిక అయిపోయి ఉంటుంది పాపం. పూర్తి చెయ్యకుండానే పోయింది."

"ఓపికా పాడా? ముందు నుంచీ ఆవిడ పనంతే. మా వాడి చొక్కాకు ఒక చెయ్యి పొట్టి, ఒక చెయ్యి పొడుగు కుట్టింది."

"మీ వాడి చేతులే అలా ఉన్నాయేమో చూసుకో" అన్నాడు వెనక నుంచి బక్కాయన. నవ్వులు.

నేను చెప్పొచ్చు. రెండో భుజం మా ఇంట్లో తలుపు వెనక ఉందని చెప్పొచ్చు. కావాలనే అలా కుట్టిందని, ఆ తీగ తెగలేదని చెప్పొచ్చు. అందరూ నా బల్ల ముందే ఉన్నారు. కమిటీలో ఇద్దరు కూడా ఉన్నారు.

"కొవ్వు నాలుగు పాయింటు రెండు" అన్నాను. "తర్వాతి వాళ్లు రండి."

నవంబరు 27, గురువారం

పొడుగుకు ఫోను చేశాను. ఎత్తలేదు. మెసేజీ పెట్టాను: తిన్నావా? చూసింది.

నవంబరు 30, ఆదివారం

మూడింటికి వెళ్లాను. పాటలు లేవు. పొడుగు నేల మీద కూర్చుని, ఎవరెవరివో కుట్టని గుడ్డలు మూటలు కడుతోంది. ఎవరివి వాళ్లకు ఇచ్చెయ్యాలట. నేనూ కూర్చుని కట్టాను. పది మూటలు అయ్యాక మాట్లాడింది.

"చెప్పు."

"ఏం చెప్పాలి?"

"ఎందుకు వేసుకోలేదో చెప్పు. వింటాను."

చెప్పాను. నల్లది నాకు రోజువారీ కదా, ఆ రోజు వేరేగా ఉండాలనిపించింది, గౌరవం కోసం అని. ఇంట్లో రాసుకున్నప్పుడు సరిగ్గానే ఉంది. ఆ గదిలో పైకి చెప్తే నాకే వినబుద్ధి కాలేదు.

పొడుగు మూట ముడి బిగించింది.

"పదకొండేళ్లు మా అమ్మ చేతి ముద్ద తిన్నావు. ఇంకొంచెం మంచి అబద్ధం చెప్పవే. భయమేసిందని చెప్పు. అయినా వింటాను."

చెప్పలేదు. ఎందుకు చెప్పలేదో తెలియదు. నోట్లో ఉంది మాట. "వదిన..." అని మొదలుపెట్టాను.

"మీ వదినకు అమ్మ ఏమైనా చెప్పిందా? మాట ఇచ్చింది వదినా?"

తర్వాత మామూలు గొంతుతో, "అమ్మ పూర్తి చెయ్యకుండా పోయిందని అనుకుంటోంది ఊరు. నువ్వు విన్నావా?" అంది.

"లేదు" అన్నాను.

ఇరవై మూడు మూటలు కట్టాం.

డిసెంబరు 1, సోమవారం

నాలుగు వందల నలభై. పరీక్ష విభాగం నాకు ఇచ్చారు. ఏడుగురూ ఒప్పుకున్నారట. సూపర్‌వైజరు గారు చెయ్యి కలిపారు. "ఆ రోజు అంత్యక్రియలకు ఎంత చక్కగా వచ్చావమ్మా. అందరూ అదే మాట అన్నారు. 'అమ్మాయి మారింది' అన్నారు."

వదిన పాయసం... కాదు, పాయసం కాదు, ఏదో తీపి చేసింది. ఏం తిన్నానో గుర్తులేదు. అన్నయ్య నా కంచం చూసి, "తినలేకపోతే వదిలెయ్" అన్నాడు.

డిసెంబరు 3, బుధవారం

పొడుగు వెళ్తోందట. తను నాతో చెప్పలేదు. పొడుగు వాళ్ల పక్కింటావిడ పాలు పోయడానికి వచ్చి చెప్పింది. మిషను కూడా నగరానికి పంపుతున్నారట.

డిసెంబరు 4, గురువారం

చలి. నాలుగు వందల పన్నెండు.

డిసెంబరు 7, ఆదివారం

కోటు వేసుకుని వెళ్లాను. ఇరవై రెండు బొత్తాలు, నాలుగు ఉంగరాలు, రెండు కళ్లకూ కాటుక. వదిన చూసి గుమ్మంలోంచి పక్కకు జరిగింది. పట్టపగలు, బజారు మధ్య నుంచి నడిచాను. టీ దుకాణం దగ్గర బక్కాయన లేచి నిలబడ్డాడు.

"ఏమ్మా, మళ్లీ ఎవరు పోయారు?"

"ఎవరూ పోలేదు."

"మరి ఆ కోటేంటి? ఆగాగు. ఆ భుజం మీదది..." అని దగ్గరికొచ్చి చూశాడు. "ఆ పొడుగమ్మాయి గౌను మీదా ఇదే కదూ?"

"ఇదే. రెండూ కలిపి ఒకటే లేసు. ఇద్దరం పక్కపక్కన నిలబడాలి. ఆ రోజు నేను వేసుకోలేదు, అందుకే సగం కనిపించింది. పెద్దమ్మ పూర్తిగానే కుట్టింది."

టీ తాగుతున్న నలుగురూ విన్నారు. బక్కాయన తల గోక్కున్నాడు. "ఓహో. అలాగా. ఇప్పుడు చెప్తే ఏం లాభమమ్మా, అందరూ ఇళ్లకెళ్లిపోయాక" అన్నాడు. ఆయన వేళాకోళానికి అనలేదు.

దుకాణం ఖాళీ అయింది. మిషను ఉన్న చోట నేల మీద నాలుగు కాళ్ల గుర్తులున్నాయి. పొడుగు పెట్టె సర్దుతోంది. నన్ను పైనుంచి కిందికి చూసింది.

"ఇవాళ ఎవరికోసం?"

"భయమేసింది" అన్నాను. "ఆ రోజు. కమిటీ వాళ్లు చూస్తారని. ఉద్యోగం రాదని. ఇంకేమీ కాదు. గౌరవం అన్నది తర్వాత కల్పించుకున్నాను. ఊళ్లో మాట కూడా విన్నాను. వినలేదన్నాను."

"తెలుసు" అంది.

కాసేపు సర్దుకుంది. నేను అందించబోయినవి తీసుకోలేదు, కోపంగా కాదు, చూడనట్టు. తర్వాత పెట్టె మీద కూర్చుంది.

"నీకో సంగతి చెప్పనా? క్లబ్బులో అయితే నువ్వు ఆ కోటు వేసుకునేదానివే. అక్కడ అందరూ వేసుకుంటారు కాబట్టి. మనకది అక్కర్లేదని కదే ఇన్నేళ్లు చెప్పుకున్నాం? ఎవరూ వేసుకోని చోట వేసుకుంటేనే మనం. నేనలా అనుకున్నాను. నువ్వూ అలాగే అనుకుంటున్నావనుకున్నాను."

"అనుకున్నాను."

"గదిలో అనుకున్నావు. తలుపేసి ఉన్నప్పుడు."

నేల మీది మిషను కాళ్ల గుర్తుల వైపు చూశాను.

"మనల్ని ఎవరూ చూడక్కర్లేదు. నీకూ అక్కర్లేదు, నాకూ అక్కర్లేదు. అమ్మకు కావాల్సొచ్చింది. ఒక్కసారి. గంటసేపు."

"ఒకసారి వేసుకో" అన్నాను. "గౌను. ఇద్దరం నిలబడదాం. ఇప్పుడు. ఒక్క నిమిషం."

పొడుగు నా ఎడమ భుజం వైపు చూసింది. లేచి వచ్చి ఆ లేసు కొన పట్టుకుంది. ఒక పోగు పైకి లేచి ఉంటే గోటితో లోపలికి నొక్కింది. పెద్దమ్మ చేసినట్టే.

"పెట్టె అడుగున పెట్టేశాను. పైన చాలా సర్దాను" అంది.

"తీద్దాం. నేను మళ్లీ సర్దిపెడతాను."

"ఎవరు చూడ్డానికే?"

వెళ్లి పెట్టె మూత వేసింది. మూత పడకపోతే దాని మీద కూర్చుని, నన్ను గొళ్లెం పెట్టమంది. పెట్టాను. అది ఒక్కటే నా చేత చేయించింది.

అక్కడ ఆదివారాలు ఏం చేస్తావని అడిగాను. అక్క వాళ్ల వీధిలోనే ఒక క్లబ్బు ఉందట. చూస్తానంది.

"చెప్పులు మంచివి వేసుకెళ్లు" అన్నాను.

నవ్వుతుందనుకున్నాను.

డిసెంబరు 9, మంగళవారం

నాలుగు వందల యాభై ఒకటి. కాటుక పెట్టుకుని పనికి వెళ్లాను. ఎవరూ ఏమీ అనలేదు. ఇప్పుడు నేనే పెద్దని కదా.

పొడుగుతో ఇంకొకసారి మాట్లాడాలి. రేపు వెళ్తాను.

డిసెంబరు 10, బుధవారం

రేపు పొద్దున బస్సు అని తెలిసింది. సాయంత్రం వెళ్దామనుకున్నాను. క్యాన్ల లారీ ఆలస్యమైంది. ఏడున్నర అయింది. సర్దుకునే హడావుడిలో ఉంటారు, ఇబ్బంది పెట్టడం ఎందుకని ఆగాను.

లారీ ఆరుంబావుకే వచ్చింది.

డిసెంబరు 11, గురువారం

పొగమంచు. పాలు నాలుగు వందల ముప్పై ఎనిమిది లీటర్లు. నీళ్లు లేవు.

పొడుగు, వాళ్లక్క ఉదయం ఆరూ నలభై బస్సుకు వెళ్లిపోయారు. పాల వ్యాను డ్రైవరు చూశాడట.